వాసన లేని పొగ

షాద్‌నగర్ ఊరి బయట, రైలు పట్టాలకు అవతల, ఒక పాత జాగీర్దారు బంగళా ఉండేది. జాగీర్లు రద్దయ్యాక అది సర్కారు చేతికి వచ్చింది. కొన్నాళ్లు కచేరీ సామాను పడేశారు, కొన్నాళ్లు గొర్రెలు పడుకున్నాయి. అరవైల మధ్యలో మా విశ్వవిద్యాలయం దాన్ని అడిగి తీసుకుని, గోడలకు సున్నం వేయించి, కిటికీలకు అద్దాలు బిగించి, వెలుతురును పసిగట్టే సెమీకండక్టర్ పరికరాలు తయారుచేసే పరిశోధన కేంద్రం పెట్టింది. పట్నంలో జాగా లేకపోవడం ఒక కారణం. బస్సులూ లారీలూ తిరిగే చోట మా సున్నితమైన కొలతలు నిలవకపోవడం ఇంకో కారణం. ఊరివాళ్లకు ఇవేవీ పట్టలేదు. అద్దాల బంగ్లా అని పేరు పెట్టి ఊరుకున్నారు.

అక్కడ పనిచేసిన ఒకే ఒక్క ఆడపిల్లను నేను. మాది పోచంపల్లి. బాపు గుంటమగ్గం మీద నేసేవాడు, అమ్మ నూలు పోగులకు దారం కట్టి రంగుల్లో ముంచేది. మా ఇంట్లో చదువు ఎవరూ కోరలేదు, ఎవరూ వద్దనలేదు కూడా. నల్లగొండలో మేనత్త దగ్గర ఉండి బడి ముగించాను. పట్నంలో ఆడపిల్లల హాస్టల్లో ఉండి భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ దాకా వెళ్లాను. పరిశోధనకు షాద్‌నగర్ పోవాలన్నప్పుడు మాత్రం బాపు అడ్డం పడ్డాడు. పెండ్లి కాని పిల్ల తెలియని ఊళ్లో ఒక్కతే ఎట్లా ఉంటుందన్నాడు. కేంద్రంలో నాకంటే ముందు చేరిన ఒక పరిశోధకుడు అప్పుడు తన భార్యను వెంటబెట్టుకుని మా ఊరికి వచ్చాడు. తమ ఇంట్లో ఒక అర్ర ఖాళీగా ఉందని, చెల్లెలిలా చూసుకుంటామని చెప్పాడు. బాపు ఆయన మాటకంటే ఆమె ముఖాన్నే ఎక్కువ చూశాడు. చూసి, సరే అన్నాడు.

అప్పటినుంచి నేను ఆయన్ను అన్న అని, ఆమెను వదిన అని పిలిచాను. వాళ్లకు మూడేళ్ల బిడ్డ ఉండేది.

అన్నది మహబూబ్‌నగర్ అవతల వాన మీద బతికే పల్లె. ఆయన తండ్రి ఏటా కొన్ని నెలలు ఊరు విడిచి, ఎక్కడ ఆనకట్ట కడుతుంటే అక్కడికి మట్టి పనికి పోయేవాడు. అన్న సర్కారు హాస్టళ్లలో పెరిగాడు. ఆ హాస్టళ్ల అన్నం సంగతి చెప్పి నవ్వించేవాడు గాని, ఆకలి సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఏదైనా ఆలోచిస్తున్నప్పుడు చెవి వెనక పెన్సిల్ పెట్టుకుని, దానికోసమే బల్లంతా వెతికేవాడు.

మేం చేసేది పెసరగింజంత గాజు బిళ్ల. చీకట్లో దాని గుండా కరెంటు పారదు. వెలుతురు పడితే పారుతుంది. అంతే. అంత చిన్న సంగతితో వీధిదీపాలు వాటంతట అవే వెలిగించవచ్చు, మిల్లుల్లో సరుకు లెక్కపెట్టవచ్చు. అటువంటివి అప్పుడు విదేశాల నుంచి వచ్చేవి. మనమే చేసుకోవాలని మా ప్రొఫెసర్ సారు పట్టుదల. ఢిల్లీ చుట్టూ తిరిగి, పెద్దలను బతిమాలి, ఈ కేంద్రం సాధించింది ఆయనే. మాట మెత్తన. కోపం వస్తే గట్టిగా అరవకుండా, కళ్లద్దాలు తీసి తుడుచుకునేవాడు.

బిళ్లకు ప్రాణం పసుపుపచ్చని స్ఫటికం. దాన్ని పెంచడానికి ఒక పొడవాటి క్వార్ట్జ్ గొట్టాన్ని కొలిమిలో పెట్టేవాళ్లం. గొట్టం ఒక చివర, దోనె అని మేం పిలిచే పొడుగుపాటి చిన్న గిన్నెలో, కాడ్మియం అనే లోహం ఉండేది. అది మరిగి ఆవిరయ్యేది. పక్కనుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును సన్నగా వదిలేవాళ్లం. రెండూ కలిసిన చోట, గొట్టం లోపలి గోడ మీద, పసుపు ముళ్లలా, సన్నని ఆకుల్లా స్ఫటికాలు మొలిచేవి. మంచివి ఏరి గాజు మీద అతికించి, వాటిపైన దువ్వెన పళ్ల ఆకారంలో లోహపు పూత వేసి, తీగలు తగిలించేవాళ్లం. ఆ పళ్లు ఎంత దగ్గరగా ఉండాలి, ఎన్ని ఉండాలి అన్న రూపకల్పన నా పని. స్ఫటికాలు పెంచడం అన్న పని.

ఏడాదికి పైగా ఏదీ కుదరలేదు. స్ఫటికాలు మబ్బు పట్టినట్టు వచ్చేవి. మా బోరునీళ్లలో ఉప్పు ఎక్కువ, ఎన్నిసార్లు మరిగించి ఆవిరి పట్టినా కడిగిన గాజు మీద తెల్లని పొర నిలిచేది. ఎండాకాలం ఎర్రదుమ్ము కిటికీ సందుల్లోంచి వచ్చి పడేది. చివరకు ఒక శ్రావణంలో మొదటి బిళ్ల పనిచేసింది. అన్న ఆ సంగతి సారుకు చెప్పకముందే ఇంటికి వెళ్లి వదినను, బిడ్డను తీసుకొచ్చాడు. చీకటి గదిలో నిలబెట్టి అగ్గిపుల్ల గీశాడు. మీటరు ముల్లు ఒక్కసారిగా లేచింది. పుల్ల ఆరిపోగానే పడిపోయింది. బిడ్డ మళ్లీ గీయమంటూనే ఉంది. పెట్టెలో సగం పుల్లలు అయిపోయాయి. వదిన ముల్లును చూడలేదు, ఆయన్నే చూస్తూ నిలబడింది.

ఆ తర్వాతి ఏడాది వానలు పోయాయి. అంతకు ముందటి ఏడూ అంతంతే. ఊళ్లో బావులు అడుగంటాయి. కరెంటు పొద్దున వస్తే సాయంత్రం దాకా ఉంటుందన్న నమ్మకం పోయింది. అదే సమయంలో ఢిల్లీ నుంచి పెద్దలు వచ్చి కేంద్రాన్ని చూస్తారని కబురు వచ్చింది. ఒకటి రెండు బిళ్లలు కాదు, ఒక పెట్టెడు చూపిస్తేనే మళ్లీ డబ్బు వస్తుందని, లేకపోతే మూసుకోవాలని సారు చెప్పాడు. ఆయన భయం నిజమైనదే. అందరం పగలంతా కొలిమి దగ్గరే ఉండసాగాం.

కొలిమి గదిలో గాలిని బయటికి లాగే పెద్ద పంకా ఒకటి ఉండేది. కరెంటు ఎక్కువ తక్కువలకు దాని మోటారు కాలిపోయింది. తీగ చుట్టించడానికి పట్నం పంపాం. వారంలో వస్తుందన్నారు, రాలేదు. పంకా లేకుండా కొలిమి వెలిగించడం ఎట్లా అని అన్న సారును అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. సారు కళ్లద్దాలు తుడుచుకుని, కిటికీలు తెరిచి పెట్టుకుని కానివ్వమన్నాడు. గబ్బు వాసన వస్తే వెంటనే బయటికి రమ్మన్నాడు. మేమంతా భయపడింది ఆ వాసనకే. అది చంపే వాయువని పుస్తకాల్లో చదివాం. ముక్కుకు తగిలితే పరుగెత్తడం అలవాటు చేసుకున్నాం. దోనెలో మరిగే లోహం గురించి మాకెవరూ ఏమీ చెప్పలేదు.

మా దగ్గర ఉన్న క్వార్ట్జ్ గొట్టాలు రెండే. రెండూ బయటిదేశపువి. ఎక్కువగా వాడింది తెల్లబారి పెళుసెక్కింది. కొత్తది పెద్దలొచ్చిన రోజు వాళ్ల ఎదుట వాడడానికి దాచాం.

ఆ మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక కరెంటు పోయింది. కొలిమి సగం చల్లారాక మళ్లీ వచ్చింది, అదీ ఒక్కసారిగా, ఎక్కువగా. నేను పక్క గదిలో పూత పని చూస్తున్నాను. టప్పుమని చిన్న చప్పుడు వినిపించింది, పెంకు పగిలినట్టు. వెళ్లి చూస్తే గొట్టం నడుమ నిలువునా చీలి ఉంది. చీలికలోంచి గోధుమరంగు పొగ లేస్తోంది. గబ్బు వాసన గుప్పుమంది. అన్న నా భుజం పట్టుకుని గది బయటికి నెట్టాడు.

"నువ్వు లోపటికి రాకు చెల్లె. గ్యాసు నేను బంద్ చేస్త."

తువాల నీళ్లలో ముంచి ముఖానికి కట్టుకుని లోపలికి వెళ్లాడు. గ్యాసు గొట్టానికి బిగింపు వేశాడు. వాసన తగ్గింది. నేను కిటికీ బయట నిలబడి ఇక రమ్మన్నాను. దోనెలో లోహం ఇంకా ఉడుకుతోందని, గది అంతా పాడవుతుందని అంటూ ఆయన మళ్లీ వెనక్కి తిరిగాడు. పొడవాటి పట్టకారుతో దోనెను మెల్లగా బయటికి లాగాడు. గాలి తగలగానే దాన్నుంచి పొగ మరింత లేచింది. పొగలోంచే నడుస్తూ దాన్ని వరండా దాటించి, ఇసుక బకెట్లో దించాడు. గది గోడల మీద, బల్ల మీద, ఆయన జుట్టు మీద సన్నని గోధుమరంగు పొడి పడి ఉంది. ఆ పొగకు వాసన లేదు. అందుకే ఎవరికీ భయం కలగలేదు.

ఆయన తువాల విప్పి రెండు మూడుసార్లు దగ్గాడు. గొంతు తీయగా ఉందని అన్నాడు. తర్వాత గొట్టంలో మిగిలిన స్ఫటికాలు పనికొస్తాయేమో చూద్దామన్నాడు. ఆ సాయంత్రం ఇద్దరం నడిచి ఇంటికి వచ్చాం. పట్టాల దగ్గర గూడ్సుబండి దాటేదాకా నిలబడి, పాత గొట్టం పోయినందుకు సారు ఏమంటాడో అని మాట్లాడుకున్నాం. ఇంట్లో జొన్నరొట్టె తిన్నాడు. బిడ్డను ఎత్తుకున్నాడు.

తెల్లారి జ్వరం. ఒళ్లు వణుకు, నడుం నొప్పి, ఛాతీ పట్టేసినట్టు ఉందన్నాడు. ఊరంతా అప్పుడు జలుబు జ్వరాలతో ఉంది. దవాఖానలో డాక్టరు నాడి చూసి, ఎర్రమందు సీసాలో పోసిచ్చి, పడుకోమన్నాడు. పొగ సంగతి నేను చెప్పాను. గ్యాసు అయితే అప్పుడే పడిపోయేవాడని, ఇన్ని గంటల తర్వాత రాదని ఆయన అన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది. ఆ రోజంతా వదిన మిరియాల కషాయం కాచి పోసింది. మరునాటికి పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. దగ్గితే నురగ, అందులో రక్తపు జీర.

సారు తన జీపు పంపాడు. వెనక సీట్లో వదిన ఒడిలో ఆయన తల, కింద నేను కాళ్లు పట్టుకుని. బిడ్డను పక్కింటివాళ్లకు ఇచ్చి వచ్చాం. దారి పొడుగునా ఆయన మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం నా వైపు చూసి అడిగాడు.

"పంకా వచ్చిందా?"

రాలేదన్నాను.

పట్నం దవాఖానలో ఒక పెద్దవయసు డాక్టరు ఉన్నాడు. ఛాతీకి గొట్టం ఆనించి విన్నాక ముఖం మారింది. మమ్మల్ని పక్కకు పిలిచి, ఈయన ఏ పని చేస్తాడు, ఏ లోహం కాలుస్తారు అని అడిగాడు. కాడ్మియం అన్నాను. అంతకు ముందు పూత కార్ఖానాలో పనిచేసే ఒకతన్ని ఇలాగే తెచ్చారని, ఆ పొగ పీల్చినప్పుడు ఏమీ తెలియదని, ఒకటి రెండు రోజులకు ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుందని చెప్పాడు. అతను ఏమయ్యాడని వదిన అడిగింది. డాక్టరు నర్సు వైపు తిరిగాడు. ఆక్సిజన్ పెట్టించాడు, సూదులు వేయించాడు. ఆయన చేయగలిగింది చేశాడు.

మరుసటి పగలు, ఎండ మంచం మీదికి వచ్చిన వేళ, అన్న పోయాడు. వదిన పరదా కోసం నర్సును పిలవడానికి వెళ్లింది. ఆమె వచ్చేసరికి అయిపోయింది. పరదా అక్కరలేదని నర్సుకు నేనే చెప్పాను.

శవాన్ని వాళ్ల పల్లెకు తీసుకెళ్లాం. తండ్రి మట్టి పనిలో ఎక్కడో ఉన్నాడు, కబురు అందేసరికి అన్నీ ముగిశాయి.

ఢిల్లీ పెద్దల రాక ఆగిపోయింది. విచారణకు విశ్వవిద్యాలయం ఒక కమిటీ వేసింది. కమిటీ వచ్చే ముందు సారు నన్ను తన గదిలోకి పిలిచాడు. తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. పంకా తిరుగుతూనే ఉందని నేను చెబితే, జ్వరం ముదిరి పోయాడని రాస్తారట. కేంద్రం నిలుస్తుందట. అన్న భార్యకు ఇక్కడే ఏదో ఒక కొలువు ఇప్పించవచ్చట. లేదని చెబితే అన్నీ పోతాయట, అన్న చేసిన పని కూడా. ఆయన గొంతులో బెదిరింపు లేదు. బెదిరించి ఉంటే నాకు సులువయ్యేది.

బాపు పోచంపల్లి నుంచి వచ్చాడు. విషయం విని, సప్పుడు చేయకుండా ఉండమన్నాడు. పోయినోడు రాడు, నీ బతుకు ఉన్నది అన్నాడు. ఆయన కండువా కొంగులో అమ్మ పంపిన సర్వపిండి ముక్కలు కట్టుకొచ్చాడు. ఇద్దరం తినకుండానే కూర్చున్నాం.

నేను వదిన దగ్గరికి పల్లెకు పోయాను. కొలువు మాటతో సహా సారు చెప్పిందంతా చెప్పాను. నిర్ణయం ఆమెదే కావాలనుకున్నాను. ఆమె చాటలో జొన్నలు చెరుగుతోంది, చేతులు ఆపలేదు.

"జరమొచ్చి సచ్చిండని రాస్తరా? మూడేండ్లు ఆ పొయ్యి కాడనే ఉన్నడు. పనిల సచ్చిండు. గదే రాయమను."

"కొలువు రాదు వదినా."

"రాకుంటె రాకపాయె. బిడ్డకు రేపు నేనేం చెప్పాలె?"

కమిటీలో ముగ్గురు పెద్దమనుషులు. బంగళా హాల్లో పొడుగు బల్లకు అవతల కూర్చున్నారు. సారు ఒక పక్కన. నన్ను అడిగారు. పంకా లేదని, అది లేకుండా కొలిమి వెలిగించడం ఎట్లా అని అన్న అడిగాడని, వెలిగించమన్నారని, పొగ గోధుమరంగులో ఉందని, పట్నం డాక్టరు ఏమన్నాడో అదీ చెప్పాను. చెప్పేటప్పుడు నా చేతులు చీర కుచ్చెళ్లను పట్టుకునే ఉన్నాయి. వెలిగించమన్నది ఎవరు అని అడిగారు. నేను సారు వైపు చూశాను. నన్ను అబద్ధాలకోరు అంటాడని సిద్ధపడి ఉన్నాను. ఆయన లేచి నిలబడి, నేనే అన్నాడు. మళ్లీ కూర్చున్నాడు.

ఇంత జరిగాక వాళ్లు తేల్చింది వేరు. పొగ వల్ల చనిపోయాడని ఒప్పుకున్నారు. కాని గ్యాసు ఆపాక బయటికి వచ్చేయాల్సిందని, దోనెను మోసుకురావడం మృతుడి తొందరపాటు అని రాశారు. దోనె అక్కడే ఉంటే గది, పక్కగది, పక్కగదిలోని మనుషులు ఏమయ్యేవారో ఎవరూ రాయలేదు. వదినకు కొలువు రాలేదు. సారు రాజీనామా ఇచ్చాడు. కేంద్రం మూసేశారు. అక్కడ పనిచేసిన తతిమ్మావాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. వాళ్లలో ఒకాయన షాద్‌నగర్ బజారులో నన్ను చూసి ముఖం తిప్పుకుని దుకాణంలోకి వెళ్లిపోయాడు. ఆయనకు ముగ్గురు పిల్లలు. తప్పనలేను.

సామాను లారీకి ఎక్కిస్తున్న రోజున అన్న తండ్రి వచ్చాడు. అంతకు ముందు ఆయన్ను నేను చూడలేదు, అచ్చం అన్నలాంటి నడకను బట్టి గుర్తుపట్టాను. కొడుకు పనిచేసిన చోటు చూస్తానన్నాడు. కొలిమి గదిలోకి తీసుకెళ్లాను. గోడలు కడిగించారు గాని, పైకప్పు దూలాల మీద పొడి అలాగే ఉంది. ఆయన దూలాల వైపు చూసి, ఇక్కడ ఏం చేసేవాళ్లని అడిగాడు. వెలుతురు పడితే కరెంటు పారే బిళ్లలని చెప్పాను. అర్థమైనట్టు తల ఊపాడు, కాలేదని ఇద్దరికీ తెలుసు.

"ఎవరికన్న పనికొచ్చిందా బిడ్డా?"

ఇంకా రాలేదని చెప్పాను. అబద్ధం నోటిదాకా వచ్చింది గాని ఆ ముఖం చూసి అనలేకపోయాను. ఆయన వరండాలోకి వచ్చి మెట్ల మీద కూర్చుని బీడీ ముట్టించాడు. సగం తాగి ఆర్పేశాడు.

నేను మళ్లీ కొలిమి ముందు కూర్చోలేదు. నల్లగొండలో కాలేజీలో పాఠాలు చెప్పే పని దొరికింది. వదినను నా దగ్గరికి రమ్మన్నాను. ఏడో తరగతి చదివిన మనిషి, మెట్రిక్ పరీక్షకు కూర్చుంది. మొదటిసారి తప్పింది. తెలంగాణ ఉద్యమంతో బడులూ కాలేజీలూ నెలల తరబడి మూతపడ్డ ఏడాది, ఇద్దరం ఇంట్లోనే ఉండి లెక్కలు చేశాం. రెండోసారి గట్టెక్కింది. టీచరు శిక్షణ ముగించుకుని, దేవరకొండ వైపు ఒక పల్లెలో చిన్నపిల్లల బడికి వెళ్లింది. బిడ్డనూ తీసుకెళ్లింది. వాళ్లు బస్సెక్కిన పొద్దున నేను కిటికీ పక్కన నిలబడ్డాను. వదిన ఏదో చెప్పబోయి, కండక్టరు విజిలు వేయడంతో ఆగింది. బస్సు కదిలింది. ఇంటికి వచ్చి, మూడు కంచాల్లో రెండింటిని కడిగి అటక మీద పెట్టాను.